ఎంగిలి తడి లేని నాదం ఉందా?

దేవుడి దగ్గరికి వెళ్ళే దేనికీ నోరు తగలకూడదన్నది మన ఆచారాల్లో చాలా గట్టి నియమం. పువ్వును వాసన చూసి పూజకు పెట్టరు. నైవేద్యాన్ని ఉప్పు చూడకుండానే దింపుతారు. కొన్ని ఆలయాల వంటశాలల్లో వండేవాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుంటారు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా దేవుడి గూటి దగ్గరికి పోతే ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఊరుకోరు. ఇంత పట్టింపు ఉన్నవాళ్ళం శుభకార్యాలన్నిటికీ ముందు నిలబెట్టుకున్న వాద్యం మాత్రం సన్నాయి. సన్నాయి మోగాలంటే ముందు దాని పీకను నోట్లో పెట్టుకుని నానబెట్టాలి. ఎండిన రెల్లు పలకదు. ఉమ్మితో తడిసి, మెత్తబడి, రెండు రేకుల మధ్య సందు సరిపడా తెరుచుకుంటే గానీ స్వరం రాదు. మేలుకొలుపు, ఊరేగింపు, స్వామి కల్యాణం, పుస్తె కట్టే వేళ గట్టిమేళం, వీటిలో ఎంగిలి లేనిది ఒక్కటీ లేదు. ఈ వైరుధ్యాన్ని ఎవరూ దాచలేదు, ఎవరూ పెద్దగా పట్టించుకోనూ లేదు. పట్టించుకుని చివరిదాకా ఆలోచిస్తే శుద్ధి గురించి, మంగళం గురించి మనకున్న నమ్మకాల్లో ఎన్ని నిలుస్తాయో చూడాలి. నా వాదం ఇది: సన్నాయి గొట్టానికీ పీకకూ పెదవికీ కుదిరే పొత్తును సరిగ్గా అర్థం చేసుకుంటే, మంగళం ఏ వస్తువులోనూ ఏ మనిషి పుట్టుకలోనూ ముందే నిండి ఉండదనీ, ఆ కుదిరికలోనే అది పుడుతుందనీ ఒప్పుకోక తప్పదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఇది పండితుల సభకే పరిమితమైన చర్చ కాదు. కృష్ణ ఒడ్డున మట్టపల్లిలో, కృష్ణా మూసీ కలిసే వాడపల్లిలో లక్ష్మీనరసింహుడి ఆలయాలున్నాయి. మేళ్ళచెర్వులో శంభులింగేశ్వరుడున్నాడు. ఊరూరా రామాలయం ఉంది, శ్రీరామనవమికి కల్యాణం ఉంది. ఈ పల్లెల్లో సన్నాయి, డోలు తరతరాలుగా నాయీబ్రాహ్మణుల చేతిలో ఉన్నాయి. క్షౌరం, నాటువైద్యం, వాద్యం మూడూ వాళ్ళ వృత్తులే. పెళ్ళికొడుకుకు గోళ్ళు తీసేదీ వాళ్ళే, ముహూర్తానికి సన్నాయి పట్టేదీ వాళ్ళే. గోళ్ళు తీసిన చెయ్యి మైల అన్నారు. అవే వేళ్ళు సన్నాయి రంధ్రాల మీద ఆడితే మంగళం అన్నారు. సన్నాయి పట్టిన ఆయన ఊదకపోతే తాళి కట్టేది ఆగేది. భోజనాల పంక్తిలో మాత్రం ఆయన చోటు వేరుగా ఉండేది. ఒకే మనిషిలో, ఒకే పూటలో మైలా మంగళమూ రెండూ ఉన్నాయంటే, ఆ రెంటిలో ఏదీ ఆ మనిషి ఒంట్లో అంటుకుని ఉన్న గుణం కాదని అనుమానం రావాలి. ఈ అనుమానాన్ని తేల్చడానికి సామాజిక న్యాయం మాటలు ఎత్తుకోవచ్చు. అవి సరైనవే. ఇక్కడ మాత్రం మరో దారిన, వాద్యం లోపలి నుంచి పోదాం. సన్నాయి తన పని తాను ఎలా చేస్తుందో చూస్తే ఆచారం వేసుకున్న లెక్క ఎక్కడ తప్పిందో కనిపిస్తుంది.

మంచి సన్నాయి, అంటే నాదస్వరం, ఎక్కడ చేస్తారని అడిగితే దక్షిణాదిలో చాలామంది నోట వచ్చే పేరు తంజావూరు జిల్లా నరసింగంపేట్టై. కుంభకోణం దగ్గరి ఆ ఊరి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే ఆచ్చా అనే చెట్టు దూలాలను, స్తంభాలను తెచ్చి, దశాబ్దాలుగా చెమ్మ విడిచిన ఆ కర్రతోనే గొట్టం తొలుస్తారు. ఆ ఊరి తయారీదారు రంగనాథన్ ఆచారి, నాదస్వర విద్వాంసుడు తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై కలిసి చేసిన మార్పు నాదస్వర చరిత్రనే మలుపు తిప్పింది. అంతకుముందు వాడుకలో ఉన్న పొట్టి తిమిరి నాదస్వరం హెచ్చు శ్రుతిలో పలికేది; శుద్ధ మధ్యమం దానిలో సరిగ్గా పడేది కాదు. గొట్టాన్ని పొడుగు చేసి, లోపలి తొలుపు మార్చి, రంధ్రాలు జరిపి, తక్కువ శ్రుతిలో గంభీరంగా పలికే బారి నాదస్వరాన్ని వాళ్ళు స్థిరపరిచారు. ఇంత చరిత్ర ఉన్న గొట్టాన్ని తెచ్చుకున్నా దానంతట అది ఒక్క స్వరం పలకదు. పీక కావాలి. తమిళనాట సీవాళి అనే ఆ పీకను రెల్లు కోసి, నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి, నొక్కి రేకులుగా చేసి సన్నటి లోహపు గొట్టానికి దారంతో బిగిస్తారు. దాని ఆయుష్షు గొట్టం ఆయుష్షులో పిసరంత. గొట్టం తాత నుంచి మనవడికి వస్తుంది, పీకలు మాత్రం వస్తూ పోతూ ఉంటాయి. సన్నాయికి తాడుతో వేలాడే పీకల గుత్తిని, రేకుల సందు సరిచేసే సూదిని పెళ్ళిలో అందరూ చూస్తారు. అలంకారమనుకుంటారు. వాద్యంలో అసలు బేరం అక్కడే జరుగుతుంది. ఒక గొట్టం మీద పాడిన పీక పక్క గొట్టం మీద మూలుగుతుంది. అదే చేతి పనితనంతో, అదే కర్రతో తయారైన రెండు గొట్టాలకు కూడా ఒకే పీక ఒకేలా కుదరదు.

ఇది మన పల్లె వాద్యానికి మాత్రమే ఉన్న అవస్థ అనుకోనక్కరలేదు. పాశ్చాత్య వాద్యబృందంలో సన్నాయికి దగ్గరి చుట్టం ఓబో. అదీ జంట రేకుల పీకతోనే మోగుతుంది. పారిస్‌లో 1881లో మొదలైన లోరే, 1935లో మొదలైన మారిగో, లండన్ హోవర్త్, ఇలా పేరున్న తయారీదార్లు ఉన్నారు. ఒక్కొక్కరి గొట్టం లోపలి వాలు ఒక్కో తీరు. ఫిలడెల్ఫియాలో మార్సెల్ టాబుటో నేర్పిన అమెరికా పద్ధతిలో రేకును చాలా పొడుగునా గీకుతారు; యూరప్‌లో కొన దగ్గర మాత్రమే పొట్టిగా గీకుతారు. పొడుగు గీకుడు వాళ్ళు ఎక్కువగా లోరే వైపు మొగ్గుతారు. వియన్నా వాళ్ళైతే తమ పాతరకం ఓబోను, దానికి తగిన పీకనూ ఈ నాటికీ వదల్లేదు. దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతపు రెల్లు శ్రేష్ఠమని పేరు. ఆ రెల్లే తెచ్చి, ఒకే కత్తితో గీకినా పెట్టెలో పది పీకలుంటే పదీ పది రకాలు. అందుకే ఓబో వాయించేవాళ్ళ జీవితంలో సాధనకు పోయిన సమయం ఎంతో, పీకలు గీకడానికి పోయిన సమయం దాదాపు అంత. విచిత్రమేమిటంటే కచేరీ మొదలయ్యే ముందు వాద్యబృందమంతా శ్రుతి సరిచూసుకునేది ఓబో పలికే ఒక్క స్వరానికే. పీకలు ఇంత నిలకడలేని వాద్యం మిగతా అన్నిటికీ ఆధారశ్రుతి ఇస్తుంది.

ఏ తయారీదారు గొట్టం మంచిదన్న ప్రశ్నకు ఒంటరిగా జవాబు ఎందుకు దొరకదో ధ్వనిశాస్త్రం ఒక అందమైన కారణం చెప్పింది. ఓబో గానీ, నాదస్వరం గానీ, లోపల శంఖువు ఆకారంలో తొలిచిన గొట్టం. పై నుంచి కిందికి క్రమంగా వెడల్పవుతుంది. నిజానికి అది పూర్తి శంఖువు కాదు. మొన తెగిన శంఖువు. ఆ మొన ఉండాల్సిన చోట పీక కూర్చుంటుంది. గొట్టం తన స్వరాలన్నీ ఒకదానికొకటి పొత్తుగా, పై స్థాయి కింది స్థాయి కలిసేలా పలకాలంటే, తెగిపోయిన ఆ మొనలో ఎంత గాలి పట్టేదో అంత గాలికి సాటి వచ్చే చోటు పీక లోపల ఉండాలి. ఆర్థర్ బెనేడ్ వంటి శాస్త్రజ్ఞులు దీన్ని లెక్కకట్టి చూపించారు. ఇంకో సంగతి, ఇక్కడ లెక్కలోకి వచ్చేది పీక లోపలి ఖాళీ ఒక్కటే కాదు. తడిసిన రేకులు పెదవుల నొక్కుడుకు ఎంత లొంగుతాయో అదీ ఆ ఘనపరిమాణంలో భాగమే. అంటే వాయించేవాడి పెదవి, ఆ పెదవి తడి, వాద్యం కొలతల్లోనే ఉన్నాయి. ఒక్కో తయారీదారు ఒక్కో చోట మొన కోస్తాడు కాబట్టి, ఒక్కో గొట్టానికి ఒక్కో లోటు. పీకను ఎంచుకోవడమంటే ఆ లోటు కొలత పట్టుకోవడం. గొట్టాలను పోల్చి చూసేవాళ్ళు పోలుస్తున్నది ఉన్న కర్రను అనుకుంటారు. సగం పోలిక లేని మొనతోనే.

లేనిది కూడా పని చేస్తుందా అని అడిగితే మన తార్కికులు నవ్వుతారు. వాళ్ళకిది కొత్త కాదు. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం సప్తపదార్థాల్లో ఏడోదిగా అభావాన్ని లెక్కించింది. కుండ లేకపోవడం కూడా తెలుసుకోదగిన పదార్థమే. శబ్దం గురించి ఆ సంప్రదాయం చెప్పినది మన ప్రశ్నకు ఇంకా దగ్గర. శబ్దం ఆకాశపు గుణం. అది ఆకాశంలో సమవాయంతో, అంటే విడదీయరాని సంబంధంతో, ఉంటుంది. భేరిలో కాదు, కర్రలో కాదు, కొట్టేవాడి చేతిలోనూ కాదు. అది పుట్టే దారులు మూడు. భేరికి కర్ర తగిలితే పుట్టేది సంయోగం వల్ల. వెదురును చీలిస్తే చటచటమని వచ్చేది విభాగం వల్ల, అంటే రెండు బద్దలు విడిపోవడం వల్ల. ఇలా పుట్టిన శబ్దం నుంచి మరో శబ్దం, దాని నుంచి మరొకటి పుట్టుకుంటూ చెవిదాకా వచ్చేది శబ్దం వల్ల. సన్నాయి పీకను ఈ చట్రంలో పెట్టి చూడండి. రెండు శ్రుతిలో షడ్జం పట్టినప్పుడు ఆ రెండు రేకులు సెకనుకు దాదాపు 290 సార్లు కలుస్తాయి, అన్నిసార్లూ విడిపోతాయి. సంయోగమూ విభాగమూ రెండూ అంత దగ్గరగా, ఒకదాని వెంట ఒకటి జరిగే చోటు మరో వాద్యంలో వెతకాల్సిందే. భేరికి సంయోగం చాలు, చీలే వెదురుకు విభాగం చాలు. జంట రేకులకు రెండూ కావాలి. మరి ఈ నాదానికి యజమాని ఎవరు? సమవాయి కారణం ఆకాశం, అది అందరిదీ. మిగిలినవన్నీ కలయికలు, విడివడటాలు. ద్రవ్యంగా చేతిలో పెట్టి ఇదిగో నాదమంటే ఇదీ అని చూపగలిగినది తర్కం ఒక్కటీ మిగల్చలేదు.

ఇప్పుడు ఎంగిలి దగ్గరికి వద్దాం. మన కథల్లో ఎంగిలిని దేవుడు ఒప్పుకున్న సందర్భాలు లేకపోలేదు. తిన్నడు, అంటే కన్నప్ప, పుక్కిట నీళ్ళు పట్టుకొచ్చి కాళహస్తీశ్వరుడికి అభిషేకం చేశాడు, తాను రుచి చూసిన మాంసం పెట్టాడు. ధూర్జటి ఆ కథను తెలుగువాళ్ళ గుండెల్లో నిలిపాడు. గోదాదేవి ముడిచి విడిచిన మాలను స్వామి కోరి వేసుకున్నాడు. రాయలవారు దాని పేరునే కావ్యం చేశారు. ఈ కథలను ఎంగిలికి సమర్థనగా చూపడం నాకు సరిపడదు. అవి మినహాయింపు కథలు. కన్ను పెరికి ఇవ్వగల భక్తి ఉంటే నియమం సడలుతుందని చెబుతాయి, అంటే నియమాన్ని అలాగే నిలబెడతాయి. సన్నాయి సంగతి వేరు. రోజూ పొద్దున మేలుకొలుపుకు ఊదే మనిషి కన్నప్ప కానక్కరలేదు. జీతం తక్కువని విసుక్కుంటూ ఊదినా ఫరవాలేదు. ఆయన ఎంగిలి ఆగమం ఒప్పుకున్న దినచర్యలో భాగం. ఇక్కడ ఎంగిలి నియమమే, మినహాయింపు కాదు. దాని అర్థం ఒకటే: ఆలయానికి కావలసింది పీక, గొట్టం, శ్వాస, పెదవి కలిసి కుదరడం, ఆ కుదిరికకు తడి అవసరం, ఆ అవసరం ముందు ఎంగిలి అన్న మాట వర్తించదు. ఒక వస్తువు ఏ సంబంధంలో ఉందో చూడకుండా అది శుద్ధమా అశుద్ధమా అని అడగడమే తప్పు ప్రశ్న అవుతుంది. వాడపల్లి నరసింహుడి గర్భగుడిలో ముఖం ఎత్తున ఉన్న దీపం కదులుతూ, పాదాల దగ్గరి దీపం నిశ్చలంగా ఉంటుందనీ, ఆ కదలిక స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసలనీ భక్తులు నమ్ముతారు. నోటి నుంచీ ముక్కు నుంచీ వచ్చే గాలినే అక్కడ దైవసన్నిధికి గుర్తుగా చూస్తున్నారు. అదే గాలి మంటపంలో కూర్చున్న మనిషి నోట వస్తే దాని విలువ పడిపోతుందనడానికి వేరే కారణం చూపాలి.

ఆచారం తరఫున మాట్లాడేవాళ్ళకు ఇక్కడ ఒక గట్టి జవాబు ఉంది. దాన్ని బలంగానే చెప్పాలి. సన్నాయి గర్భగుడిలోకి రాదు. మంటపంలోనో, ధ్వజస్తంభం దగ్గరో, ఊరేగింపులో రథం ముందో ఉంటుంది. శబ్దం అలల మీద అలల్లా ఒకదాని నుంచి ఒకటి పుడుతూ పోతుందని తర్కమే చెబుతోంది కదా; పీక దగ్గర పుట్టిన మొదటి శబ్దం అక్కడే నశించింది; స్వామి దగ్గరికి చేరేది దాని మనవడికి మనవడు. దానికి ఉమ్మి అంటలేదు. కాబట్టి వైరుధ్యమే లేదు, ఎంగిలి మంటపంలో ఆగిపోయింది, నాదం లోపలికి వెళ్ళింది. మీమాంసకుల దారిన పోయినా ఇంతే తేలుతుంది. వాళ్ళకు శబ్దం నిత్యం, గాలి కదలికలు దాన్ని బయటపెడతాయంతే, కాబట్టి మలినం కావడానికి అందులో ఏమీ లేదు. నేనీ వాదాన్ని మొత్తం ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక అది ఎక్కడ ఆగుతుందో వాళ్ళు చెప్పాలి. ఉమ్మి మంటపంలో ఆగిపోతే, ఊదినవాడి కులమూ మంటపంలోనే ఆగిపోయింది. గొట్టం చేసిన ఆచారి పేరు, కర్ర వయసు, గురుపరంపర ఘనత, అవీ అక్కడే ఆగిపోయాయి. మలినం అలల వెంట ప్రయాణం చెయ్యదు, గౌరవం మాత్రం చేస్తుందనడం కుదరదు. పోనీ, కులం అలల వెంట రాదని ఒప్పుకుంటే, మనిషిని పంక్తిలో వేరుగా కూర్చోబెట్టడానికి నాదంతో సంబంధం ఉన్న కారణం ఒక్కటీ మిగలదు. మిగిలేది అలవాటు. దూరం పాటించి వాద్యాన్ని ఒప్పుకున్న ఏర్పాటు శుద్ధిని కాపాడిందని అనుకున్నాం; శుద్ధికి మనిషితో ముడి లేదని ఆ ఏర్పాటే సాక్ష్యం చెప్పింది.

తయారీ వైపు నుంచి, పరంపర వైపు నుంచి వచ్చే అభ్యంతరం వేరు. నరసింగంపేట్టై గొట్టానికీ నాసిరకం గొట్టానికీ తేడా లేదా? ఉంది. ఎనభై ఏళ్ళు ఆరిన కర్ర బీటలివ్వదు, శ్రుతి నిలుపుతుంది. మేళం ఇంట పుట్టిన పిల్లవాడికి రాగం పసితనంలోనే చెవిన పడుతుంది, అదీ నిజం. అయితే ఈ గుణాలు సామర్థ్యాలు. కుదిరిక జరిగే అవకాశాన్ని పెంచుతాయి, జరిపించలేవు. గొప్ప గొట్టం మీద పొసగని పీక పెడితే మామూలు గొట్టం కంటే అధ్వానంగా ఉంటుంది, ఎందుకంటే మంచి గొట్టం తన లోటు విషయంలో మరింత కచ్చితంగా ఉంటుంది. పుట్టుక విషయంలో సాక్ష్యం ఇంకా సూటిగా ఉంది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి ఊళ్ళోనే నాదస్వరం ఊదుతూ జీవించాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నాడు. ఆయన శిష్యుడు షేక్ మహబూబ్ సుభానీ, భార్య కాలీషాబీ కలిసి ఊదుతారు; ఆ జంటకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కోస్తా ఆంధ్రలో ముస్లిం నాదస్వర కుటుంబాలు తరాలుగా రాముడి కల్యాణాలకూ శివుడి ఉత్సవాలకూ త్యాగరాజ కీర్తనలు ఊదుతూనే ఉన్నాయి. ఇది మత సామరస్యానికి ఉదాహరణ అని వేదికల మీద మెచ్చుకుంటారు. మెప్పు మంచిదే, కానీ అందులో చిన్న మోసం ఉంది. సామరస్యం అన్నప్పుడు ఎవరో ఔదార్యం చూపినట్టు ధ్వనిస్తుంది. అక్కడ జరిగినది ఔదార్యం కాదు, ఇంకొకరి చోటు అప్పు తీసుకోవడమూ కాదు. పీక కుదిరింది, శ్రుతి నిలిచింది, నాదం వచ్చింది. ఆ తర్వాత ఊదినవాడు ఎవరని నాదాన్ని అడిగితే చెప్పడానికి దాని దగ్గర ఏమీ లేదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం ఇంకొకటి. మంగళం కుదిరికలోనే ఉంటే, కుదరని చోట మంగళం లేదా? ఎండలు మండే వైశాఖంలో నరసింహ జయంతి వస్తుంది, పెళ్ళి ముహూర్తాలూ అప్పుడే ముసురుతాయి. సూర్యాపేట, మిర్యాలగూడల్లో ఆ నెలలో ఎండ 45 డిగ్రీల దాకా పోవడం వింత కాదు. పందిట్లో వడగాలికి పీక నిమిషాల్లో ఎండిపోతుంది, రేకులు బిగుసుకుంటాయి. గొట్టంలో గాలి వేడెక్కి శ్రుతి పైకి జరుగుతుంది. ధనుర్మాసం తెల్లవారుజాము చలిలో దీనికి తలకిందులు. వైశాఖానికి గీకిన పీక ధనుర్మాసానికి పనికిరాదు. కొత్త గొట్టం కొనే స్థోమత లేక, అరిగిన పీకతో, ఎండలో నాలుగు గంటలు నిలబడి ఊదే మనిషి నాదం చెదిరితే ఆ పెళ్ళి అమంగళమైపోయిందా? అలా అంటే నా వాదం పేదవాడి మీద పడే కొత్త రకం మైల అవుతుంది. అందుకే ఇక్కడ ఒక మాట సరిచేసుకోవాలి. కుదిరిక అంటే దొరికిన ఫలితం ఒక్కటే కాదు, దాని కోసం జరిగే సవరింపు కూడా. శ్రుతి చెదురుతోందని తెలిసి పెదవి సర్ది, రంధ్రాన్ని సగం మూసి, పీకను మరోసారి తడిపి, అందుబాటులో ఉన్నదానితో స్వరాన్ని అంచుదాకా లాక్కొచ్చే ప్రయత్నంలో ఆ సంబంధం మొత్తం పని చేస్తూనే ఉంటుంది. చెవి వింటోంది, శ్వాస జవాబిస్తోంది. చెదిరిన నాదంలో మంగళం తక్కువైందని నేననను. వినడం మానేసిన నాదంలో తక్కువైందని అంటాను. ఖరీదైన గొట్టం, సరైన పీక ఉండి ఫోన్ చూసుకుంటూ ఊదినవాడి షడ్జం శుద్ధంగానే ఉండొచ్చు, మంగళం మాత్రం తగ్గుతుంది. ఈ తేడాను కొలిచే యంత్రం లేదు కాబట్టి ఇది శాస్త్రం చేతిలోంచి జారి విశ్వాసం చేతిలో పడుతుంది. అది ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

ఇక సన్నాయే లేని ఆరాధన గురించి. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్ళకోసారి జరిగే లింగమంతుల స్వామి పెద్దగట్టు జాతరకు లక్షల మంది వస్తారు. అక్కడ యాదవుల భేరీల మోత, గజ్జెల లాగుల చప్పుడు, లింగా అన్న కేకలే మంగళధ్వని. సన్నాయిని మంగళవాద్యం అన్నవాళ్ళు ఆ భేరిని ఏమంటారు? వాద్యంలోనే మంగళం ఉంటే దురాజ్‌పల్లిలో లేదనాలి; అలా అనే ధైర్యం ఆ గుట్ట ఎక్కినవాడెవడికీ ఉండదు. అక్కడా చర్మాన్ని మంట దగ్గర కాచి బిగించుకుంటారు, అంటే అక్కడా ఒక సవరింపు ఉంది, వినే చెవి ఉంది.

సవరింపు బొత్తిగా లేని చోటు ఒకటి ఈ మధ్య మన గుళ్ళలోకి వచ్చింది. హారతి వేళ మీట నొక్కితే నగారా, గంటలు వాటంతటవే మోగే కరెంటు యంత్రం. మేలుకొలుపుకు పెట్టెలోంచి వచ్చే రికార్డు సన్నాయి. నా వాదం మీద దీని తరఫున అడిగే ప్రశ్న సబబైనదే. ఊదినవాడు ఎవరో నాదానికి అక్కరలేదన్నావు కదా, మరి ఎవరూ ఊదకపోతే ఏం పోయింది? రికార్డులో ఉన్నది కూడా ఒకనాడు కుదిరిన పీకే, ఒక మహావిద్వాంసుడి పీకే. మన ఊరి మేళం కంటే శ్రుతిశుద్ధం. ఆకాశానికి అదైతే ఏమి, ఇదైతే ఏమి? జవాబు పైన చెప్పిన దానిలోనే ఉంది. ఎవరైనా కావచ్చు అనడం వేరు, ఎవరూ అక్కరలేదనడం వేరు. రికార్డులోని కుదిరిక ఆనాటి గాలికీ ఆనాటి తడికీ కుదిరింది. ఈ పొద్దుటి చలికి అది జవాబు చెప్పడం లేదు. పక్కన డోలు తప్పటడుగు వేస్తే సర్దుకోదు, హారతి ఆలస్యమైతే ఆగదు. ఊళ్ళోవాళ్ళను నిద్రలేపడానికి, గుడి తెరిచారని చెప్పడానికి అది చక్కగా పనికొస్తుంది. ఆ పనికి నేను అడ్డు చెప్పను. దాన్ని ఉపచారం అనడం దగ్గరే నా పేచీ. దీనికి మన పూజావిధానంలోనే పాత పరిష్కారం ఉంది. పూజ చివర ఛత్రం, చామరం, గీతం, నృత్యం, వాద్యం ఒక్కొక్కటే పేరు పెట్టి చెబుతూ, అవి లేని చోట అర్చకుడు అక్షతలు వేస్తాడు. శాస్త్రమే వాద్యానికి బదులు నాలుగు బియ్యపు గింజలు చాలన్నాక రికార్డు ఎందుకు చాలదని వాదించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఆ అక్షతలను సరిగ్గా చూడలేదనుకుంటాను. అక్షతలు వాద్యంలా మోగుతున్నట్టు నటించవు. ఇక్కడ వాద్యం ఉండాలి, ఇవాళ లేదు, ఆ లేకపోవడాన్ని గుర్తుచేసుకుంటున్నాం అని ఒప్పుకుంటాయి. అన్నంభట్టు ఏడో పదార్థం అదే. కరెంటు నగారా ఆ అభావాన్ని కప్పేస్తుంది. మేళం లేదన్న సంగతే ఎవరికీ తోచనివ్వదు, తోచకపోతే మేళాన్ని పెట్టుకోవాలన్న ఆలోచనా రాదు. కోదాడ దగ్గరి చిన్న రామాలయానికి సన్నాయి పెట్టుకునే రాబడి లేకపోతే, హారతి వేళ ఆ మీట ఆపేసి, అక్షతలు వేసి ఊరుకోవడం మేలు.